వంటగదిలో ఐలాండ్ పెట్టుకోవాలంటే: కొలతలు ఎలా తీయాలి, రాయి ఎలా ఎంచుకోవాలి

ఐలాండ్ అంటే వంటగది మధ్యలో, చుట్టూ దారి వదిలి కట్టే విడి గట్టు. అది పెట్టుకోవాలన్న ఆలోచన రాగానే చాలామంది ముందు రాయి చూడ్డానికి వెళ్తారు. ఒక స్లాబ్, అంటే గట్టు కోయడానికి అమ్మే పెద్ద రాతి పలక, నచ్చుతుంది. అడ్వాన్సు ఇచ్చేస్తారు. టేపు పట్టుకునేది ఆ తర్వాతే. అప్పుడు ఐలాండ్ వెడల్పు ఇంకో 5 సెం.మీ. ఉంటే బాగుంటుందనిపిస్తుంది. ఆ 5 సెం.మీ. కోసం ఇంకో స్లాబ్ మొత్తం కొనాల్సి రావచ్చు. ఎలాగో కింద లెక్క వేసి చూపిస్తాను.

ఐలాండ్ కొలత, స్లాబ్ కొలత కలిపి తేల్చుకోవాల్సినవి. అందుకే ఇక్కడ చెప్పే వరస నేల మీద మొదలై, రాయి దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి మళ్లీ కాగితం మీదికి వస్తుంది.

1. ముందు నేల మీద గీయండి

మాస్కింగ్ టేపుతో ఐలాండ్ ఆకారాన్ని నేల మీద అతికించండి. ఐలాండుకీ, ఎదురుగా ఉన్న గట్టుకీ మధ్య దారి ఎంత మిగిలిందో కొలవండి. ఒక్కరే వంట చేసే ఇంట్లో 105 సెం.మీ. ఉండాలి. ఇద్దరు పని చేస్తే 120 మంచిది. ఊరికే నడిచి వెళ్లే దారికి 90 చాలు, అంతకన్నా తగ్గితే ఒకరికొకరు అడ్డం పడతారు.

ఈ కొలతల్ని గట్టు అంచు నుంచి అంచుకి తీసుకోండి, క్యాబినెట్ నుంచి క్యాబినెట్‌కి కాదు. రాయి ప్రతి వైపూ 2, 3 సెం.మీ. బయటికి వస్తుంది. ఓవెన్, డిష్‌వాషర్ ఉంటే వాటి తలుపు పూర్తిగా తెరిచినప్పుడు ఎక్కడిదాకా వస్తుందో కూడా టేపుతో గీయండి. డిష్‌వాషర్ తలుపు దాదాపు 60 సెం.మీ. ముందుకు వస్తుంది. దాని ముందు మనిషి నిలబడి గిన్నెలు సర్దాలి కదా.

తర్వాత అట్టపెట్టెలు పేర్చి ఐలాండ్ ఎత్తుకు తీసుకురండి. రెండు రోజులు వాటి చుట్టూ తిరుగుతూ మామూలుగా వంట చేసుకోండి. నేల మీద గీత అయితే కాలు తెలియకుండా దాటేస్తుంది, పెట్టె అయితే నడుముకు తగులుతుంది. ఎక్కడ ఇరుకో ఒంటికి తెలిసిపోతుంది.

చుట్టూ దారి వదిలాక ఐలాండుకు 60 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. పొడవు కూడా మిగలకపోతే ఆ ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. చక్రాల బల్ల ఒకటి పెట్టుకోండి. లేదంటే ఒక చివర గోడకు ఆనించి కట్టుకోండి. నాలుగు దారుల్లో ఒకటి అవసరం లేకుండా పోతుంది కాబట్టి చోటు కలిసొస్తుంది.

2. దాని మీద ఏ పని జరుగుతుందో తేల్చుకోండి

తరగడం, కలపడం, సర్దడం మాత్రమే అయితే ఐలాండ్ చాలా తేలికైన పని. నన్నడిగితే ఎక్కువ ఇళ్లకు ఇదే సరిపోతుంది. సింకో స్టవ్వో వచ్చిందంటే పని నేల కిందికి, పైకప్పులోకి పాకుతుంది.

సింకు పెడితే మురుగు పైపు నేలలోంచి వెళ్లాలి. మీటరుకు దాదాపు 2 సెం.మీ. వాలు ఇవ్వాలి. పైపు ఎంత దూరం పోతే నేల అంత లోతు కావాలి. ఇది టైల్స్ వేయకముందే తేలాల్సిన విషయం. స్టవ్ పెడితే పొగ పీల్చే చిమ్నీ గోడకు కాకుండా పైకప్పుకు వేలాడాలి, దాని గొట్టం బయటికి వెళ్లే దారి చూసుకోవాలి. స్టవ్‌కి ఒక పక్క 30, ఇంకో పక్క 38 సెం.మీ. తగ్గకుండా ఖాళీ రాయి ఉండాలి, వేడి గిన్నె దించడానికి. స్టవ్ వెనక వైపు మనుషులు కూర్చుంటే అటు కనీసం 23 సెం.మీ. వదలాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే కూర్చునే ఐలాండ్ మీద స్టవ్ పెట్టను.

కరెంటు పాయింటు మాత్రం అందరికీ కావాలి. నేలలో పైపు ఇప్పుడే వేయించండి, తర్వాత వేయాలంటే నేల పగలగొట్టాలి.

కూర్చోవడానికి అయితే మనిషికి 60 సెం.మీ. పొడవు చొప్పున లెక్కేయండి. మోకాళ్లు పట్టడానికి రాయి కింద ఖాళీ కావాలి. గట్టు ఎత్తు 90 సెం.మీ. అయితే 38 సెం.మీ. లోతు, 105 సెం.మీ. ఎత్తున్న బార్ గట్టు అయితే 30 చాలు. కుర్చీల వెనక గోడే ఉంటే 80 సెం.మీ. సరిపోతుంది, మనుషులు నడిచే దారి అయితే 110 వదలండి. ఎత్తు విషయంలో 90 అన్నది సగటు లెక్క మాత్రమే. మోచేయి మడిచి నిలబడి, మోచేతి కన్నా 10, 15 సెం.మీ. కింద ఎంత వస్తుందో చూడండి. ఎక్కువ వంట చేసే మనిషి ఒంటికి అది సరిపోవాలి.

ఇప్పుడు మీ చేతిలో ఒక కొలత ఉంది. 60 సెం.మీ. క్యాబినెట్, దాని తలుపు, ముందు అంచు, వెనక మోకాళ్లకు 38, అన్నీ కలిపితే వెడల్పు 100 సెం.మీ. దాటుతుంది. ఇది రాసుకుని రాయి దగ్గరికి వెళ్లండి.

3. రాయి ఏదో, దాని గుణం ఏమిటో తెలుసుకోండి

షాపులో స్లాబుకి ఉన్న పేరును నమ్మకండి. అవి వ్యాపారం పేర్లు. తాజ్ మహల్ అని అమ్మే క్వార్ట్‌జైట్ వచ్చేది బ్రెజిల్ నుంచి. నల్ల గ్రానైట్ అని అమ్మేవాటిలో చాలావాటిని భూగర్భ శాస్త్రవేత్తలు గాబ్రో, డోలరైట్ అంటారు. ఒకే రాయికి రెండు షాపుల్లో రెండు పేర్లుంటాయి. కాబట్టి పేరు పక్కన పెట్టి, రాయి ఏ జాతిదో అడగండి.

గ్రానైట్ గట్టిది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద 6, 7 మధ్య ఉంటుంది, మామూలు కత్తికి గీత పడదు. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపుకూ వేడికీ బాగా తట్టుకుంటుంది. ముదురు రంగు రాళ్లు నీళ్లు తక్కువ పీలుస్తాయి, లేత రంగువి కొన్ని బాగానే పీలుస్తాయి. రోజూ ఎక్కువసేపు వంట జరిగే ఇంటికి, పెద్దగా ఆలోచించకుండా చెప్పమంటే నేను చెప్పేది గ్రానైటే.

మార్బుల్ అందం వేరు, దాని గుణం వేరు. అది కాల్సైట్ రాయి, గట్టిదనం 3 మాత్రమే. నిమ్మరసం పడితే కొన్ని నిమిషాల్లో అక్కడ మెరుపు పోయి తెల్లగా మసకబారుతుంది. దీన్ని మరక అనుకుంటారు కానీ కాదు. ఆమ్లం రాతిని కొంచెం తినేసిన గుర్తు అది, తుడిస్తే పోదు. సీలర్ కూడా దీన్ని ఆపలేదు. సీలర్ చేసేది రాయిలోకి నూనె, రంగు ఇంకకుండా చూడడం, అంతే. మార్బులే కావాలనుకుంటే మెరుపు పాలిష్ కాకుండా మాట్ ఫినిష్ తీసుకోండి, గుర్తులు అంతగా కనిపించవు. ఇటలీలోని కర్రారాలో రోమన్ల కాలం నుంచీ మార్బుల్ తవ్వుతున్నారు. ఆ రాతికి గీతలు పడడం, మసకబారడం సహజం. అలాంటి గట్టుతో హాయిగా బతికే వాళ్లు ఉన్నారు. ప్రతి గుర్తుకీ మనసు కష్టపెట్టుకునే మనిషైతే దాని జోలికి వెళ్లకండి.

క్వార్ట్‌జైట్ దగ్గర జాగ్రత్త. ఇసుకరాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారి ఏర్పడే ఈ రాయి గ్రానైట్ అంత గట్టిది, లేదా ఇంకొంచెం ఎక్కువ. చూడ్డానికి మార్బుల్ లాగా చారలతో ఉంటుంది. అందుకే మార్బుల్‌నో, దానికి దగ్గరి రాయి అయిన డోలమైట్‌నో క్వార్ట్‌జైట్ అని అమ్మడం జరుగుతుంది. ఎలా పట్టుకోవాలో కింద చెప్తాను.

క్వార్ట్జ్ అని అమ్మేది ఇంకో వస్తువు, ఫ్యాక్టరీలో తయారైంది. బరువులో దాదాపు 90 శాతం క్వార్ట్జ్ పొడి, మిగతాది ఆ పొడిని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాంటి రెజిన్, రంగు. నీళ్లు పీల్చదు, సీలర్ అక్కర్లేదు, చారలు మీకు కావాల్సినట్టు దొరుకుతాయి. బలహీనత అంతా రెజిన్‌లో ఉంది. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే కాలి మచ్చ పడుతుంది, అది పోదు. ఎండ నేరుగా పడే చోట పసుపు రంగుకు తిరుగుతుంది కాబట్టి ఆరుబయట వాడకూడదు.

ఈ రాయి గురించి ఇంకో మాట చెప్పాలి. దీన్ని కోసేటప్పుడు లేచే సన్నటి సిలికా పొడి పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం లేదు. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రాయి తయారీ, అమ్మకం, అమర్చడం నిషేధించింది. గ్రానైట్‌లో, క్వార్ట్‌జైట్‌లో కూడా సిలికా ఉంటుంది. మీరు ఏ రాయి కొన్నా నీళ్లు పోస్తూ కోస్తారా, మాస్కులు వాడతారా అని అడగండి. మీ ఇంట్లో పొడిగా కోయడానికి ఒప్పుకోకండి. అది వాళ్ల ప్రాణం, మీ పిల్లల ఊపిరి కూడా.

ఖనిజాల పొడిని ఒత్తి, బాగా ఎక్కువ వేడిలో కాల్చి చేసే సింటర్డ్ స్లాబులు వేడికీ ఎండకీ పులుపుకీ దేనికీ చలించవు, కానీ అంచు దగ్గర బరువైన గిన్నె తగిలితే పెచ్చు లేస్తుంది. చాలావాటిలో చార పైపై ముద్రణే, అంచు కోస్తే లోపల ఆ చార కనిపించదు. సోప్‌స్టోన్ అనే సహజమైన రాయి మెత్తనిది, గోకితే గీత పడుతుంది, కానీ పులుపుకు చెక్కు చెదరదు.

4. స్లాబ్ ముందు నిలబడి చేయాల్సిన పరీక్షలు

చిన్న ముక్క చూసి కొనకండి. సహజమైన రాయి అయితే మీ ఇంటికి వచ్చే స్లాబునే నిలబెట్టి చూడాలి. వెళ్లేటప్పుడు క్యాబినెట్ తలుపు ముక్క, నేల టైల్ ఒకటి, చిన్న టార్చి, టేపు, తెల్ల గుడ్డ, కొంచెం నెయిల్ పాలిష్ రిమూవర్ పట్టుకెళ్లండి. రిమూవర్ అసిటోన్ ఉన్నదై ఉండాలి.

ముందు దూరం నుంచి చూడండి, తర్వాత దగ్గరికి రండి. కుదిరితే పగటి వెలుగులో చూడండి. షాపులోని తెల్ల లైట్ల కింద బూడిద రంగులా కనిపించిన రాయి మీ ఇంట్లోని పసుపు లైటు కింద గోధుమ రంగుకు తిరగొచ్చు.

అదే రాయి కోత ముక్క ఒకటి అడిగి దాని మీద ఈ పరీక్షలు చేయండి, అమ్మే స్లాబు మీద కాదు. ముక్క అంచుతో ఒక గాజు సీసా మీద గట్టిగా గీయండి. అసలు క్వార్ట్‌జైట్ అయితే గాజు మీద గీత పడుతుంది, మార్బుల్ అయితే పడదు. తర్వాత నిమ్మరసం చుక్క వేసి పావుగంట ఉంచి తుడవండి. మసక కనిపిస్తే అందులో కాల్సైట్ ఉందన్నమాట. ఇంకో చోట నీళ్ల చుక్క, నూనె చుక్క వేయండి. 10 నిమిషాల్లో రాయి రంగు ముదిరితే అది పీలుస్తోంది, సీలర్ తప్పనిసరి. నల్ల రాయి అయితే గుడ్డకు అసిటోన్ అద్ది రుద్దండి. గుడ్డ నల్లబడితే రంగు పూసిన రాయి, వదిలేయండి.

ఇక పగుళ్లు. రాయిలో పుట్టుకతో ఉండే సన్నటి నెరియలు వేరు, రవాణాలో వచ్చిన పగుళ్లు వేరు. గోరు అడ్డంగా లాగితే పగులు దగ్గర తట్టుకుంటుంది, నెరియ దగ్గర మామూలుగా తట్టుకోదు. ఇంకా తేల్చుకోవాలంటే తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. చుట్టూ ఆరాక కూడా ఒక గీత మాత్రం తడిగా ముదురుగా నిలిస్తే అనుమానించండి. వెనక టార్చి పెట్టి చూడండి. స్లాబ్ వెనక వల అతికించి ఉండడం తప్పేమీ కాదు, కానీ ఆ రాయి పెళుసని అది చెప్తోంది. సింకు కోత ఎక్కడ వస్తుందో ఆలోచించుకోండి.

మందం నాలుగు మూలలా కొలవండి. 20 మి.మీ. అని చెప్పింది 18 ఉండొచ్చు. రెండు స్లాబులు కావాల్సి వస్తే ఒకే బండలోంచి వరసగా కోసినవి అడగండి, రంగూ చారా కలుస్తాయి. చివరికి మీ స్లాబు ఫొటో, దాని నంబరు తీసుకుని, అంచు మీద మీ పేరు రాయించండి.

5. కోత బొమ్మ గీయండి

అసలు పని ఇక్కడే ఉంది. ఓపిగ్గా చేయండి.

స్లాబ్ 290 × 180 సెం.మీ. అనుకుందాం. అంచులు గరుకుగా, పెచ్చులుగా ఉంటాయి కాబట్టి పనికొచ్చేది 285 × 175 అనుకోండి. గోడ వెంట ఉండే గట్టు వెడల్పు 62. ఐలాండ్ 240 పొడవు, 110 వెడల్పు. 110, 62 కలిపితే 172, రంపం తినేది అర సెం.మీ. వేసుకున్నా 172.5. పట్టింది. ఒకే స్లాబులో ఐలాండ్, గోడ వెంట 285 సెం.మీ. గట్టు రెండూ వచ్చాయి. అదే ఐలాండ్ వెడల్పు 115 కావాలంటే మొత్తం 177.5. పట్టదు. ఆ 5 సెం.మీ. కోసం రెండో స్లాబ్ కొనాలి. తలకిందులుగా చూస్తే, 100 సెం.మీ. ఐలాండుతో సరిపెట్టుకుంటే దాదాపు 12 సెం.మీ. పట్టీ మిగులుతుంది, గట్టు వెనక గోడకు నిలబెట్టడానికి అది పనికొస్తుంది.

పక్కల మీంచి నేల దాకా రాయి దిగే వాటర్‌ఫాల్ ఐలాండ్ మీద మనసుంటే లెక్క మారుతుంది. పై చార అలాగే పక్కకి మడిచినట్టు దిగితేనే దానికి అందం. అందుకు పైభాగం, పక్కభాగం ఒకే స్లాబులో పక్కపక్కనే కోయాలి. 240కి 90 కలిపితే 330. మన స్లాబు 285 మాత్రమే. అంటే ఒక వైపు వాటర్‌ఫాల్‌కి కూడా ఐలాండ్ పొడవు 194కి తగ్గించుకోవాలి, లేదా ఇంకా పొడవైన స్లాబ్ వెతకాలి. వరస స్లాబులు తీసుకుంటే చార దగ్గరగా కలుస్తుంది, అచ్చంగా కొనసాగదు.

లెక్క కుదిరాక చార ఎటు పోవాలో చూడండి. స్లాబ్ ఫొటోని ప్రింటు తీసి, అదే స్కేలుకి కాగితం ముక్కలు కోసి దాని మీద జరుపుతూ చూడండి. మా వంటగదిలో నాకు ఎంతో నచ్చిన బంగారు చార సరిగ్గా సింకు గుంతలోకి వెళ్లిపోయింది. కోత బొమ్మ చూపించమని నేను అడగలేదు, కోసినవాళ్లు చూపించలేదు. ఆ స్లాబు కొన్నదే ఆ చార కోసం. ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు మాత్రం ఆ బొమ్మ మీద సంతకం పెట్టాకే రంపం కదలాలని ముందే చెప్పండి.

అతుకులు కూడా ఈ బొమ్మలోనే తేలాలి. ఐలాండ్ మీద అతుకు లేకుండా చూసుకోండి, అందరి కళ్లూ పడేది అక్కడే. గోడ గట్టులో అతుకు సింకు కోత మీదికి, డిష్‌వాషర్ పైకి రాకూడదు. కింద క్యాబినెట్ ఆసరా ఉన్న చోటే రావాలి.

6. బరువు, ఆసరా

చదరపు మీటరు గ్రానైట్ 20 మి.మీ. మందమైతే దాదాపు 54 కిలోలు, 30 మి.మీ. అయితే 81. మన 240 × 110 ఐలాండ్ పైరాయి ఒక్కటే 30 మి.మీ.లో 214 కిలోల దాకా వస్తుంది. క్యాబినెట్లు నేలకు బిగించి ఉండాలి. పై అంతస్తులో, వాటర్‌ఫాల్ పక్కలతో కలిపి పెడుతుంటే నేల సంగతి ఇంజనీరును అడగండి.

కూర్చునే వైపు బయటికి వచ్చే రాయికి హద్దుంది. ఆసరా లేకుండా 20 మి.మీ. రాయి 15 సెం.మీ., 30 మి.మీ. రాయి 25 సెం.మీ. దాకా రావచ్చు. మొత్తం వెడల్పులో మూడో వంతు మించకూడదు. మోకాళ్లకు కావాల్సిన 38 సెం.మీ. ఏ లెక్కలోనూ పట్టదు. అందుకని 60 సెం.మీ.కి ఒకటి చొప్పున కింద ఉక్కు బ్రాకెట్లు వేయించండి, లేదంటే కాళ్లు పెట్టించండి. గట్టు మీద ఎవరో ఒకరు ఎక్కి కూర్చునే రోజు తప్పకుండా వస్తుంది.

7. టెంప్లేటు నుంచి అమరిక దాకా

క్యాబినెట్లు బిగించి, లెవెల్ చూశాకే టెంప్లేటు, అంటే రాయి కోయడానికి అసలు కొలతలతో చేసే నమూనా, తీయాలి. డ్రాయింగ్ చూసి రాయి కోయనివ్వకండి. ఆ రోజుకి సింకు, కుళాయి, స్టవ్ మీ చేతిలో ఉండాలి, మోడల్ నంబరు సరిపోదు. సింకు, స్టవ్ కోతల లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి, 90 డిగ్రీల పదును మూలలుగా కోస్తే పగులు అక్కడే మొదలవుతుంది.

అంచు మరీ పదునుగా వద్దు. 3 మి.మీ. గుండ్రం చేస్తే పెచ్చులు తగ్గుతాయి, చేతికీ బాగుంటుంది. సింకు వైపు అంచు కింద సన్నటి గాడి పెట్టించండి. నీళ్లు అక్కడే ఆగి కింద పడతాయి, క్యాబినెట్ తలుపుల మీదికి కారవు.

రాయిని నిలబెట్టే మోస్తారు, పడుకోబెట్టి కాదు. కాబట్టి తలుపు వెడల్పు కన్నా ఎక్కువ అడ్డం వచ్చేది మెట్ల మలుపు. 240 సెం.మీ. ముక్క ఆ మలుపు తిరుగుతుందా, లిఫ్టులో పడుతుందా అన్నది కోయకముందే కొలవండి. తిరగకపోతే ఐలాండులో అతుకు తప్పదు, అప్పుడు కోత బొమ్మ మళ్లీ గీయాలి.

బిగించిన రోజు పనివాళ్లు వెళ్లకముందే టార్చిని రాయి మీద పక్కగా పడుకోబెట్టి వెలుగు వేయండి. గీతలు, పాలిష్ తగ్గిన చోట్లు బయటపడతాయి. అతుకు మీద వేలు అటూ ఇటూ పోనివ్వండి, మెట్టులా తగలకూడదు. సీలర్ వేయాల్సిన రాయి అయితే ఎప్పుడు వేస్తారో, ఎంతసేపు తడి తగలకూడదో అడిగి రాసుకోండి. మళ్లీ ఎప్పుడు వేయాలో తేదీ లెక్కతో కాకుండా నీళ్ల చుక్కతో తెలుసుకోండి. చుక్క నిలవకుండా ఇంకడం మొదలైందంటే ఆ రోజు వచ్చినట్టే.

సింకు, స్టవ్ కోతల్లో మిగిలిన ముక్కలు మీవే, అడిగి తీసుకోండి. రేపు అంచు పెచ్చు లేస్తే రంగు కలిపి చూసుకోవడానికి, కొత్త క్లీనర్ కొంటే ముందు పరీక్షించడానికి ఆ ముక్కే కావాలి.